నీళ్ళ జాడ చూపినవాళ్ళు: ఎడ్వర్డ్ ఐర్ జీవితం నుంచి మన యువతకు ఒక పాఠం

ప్రతి ఏటా ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, మన పోరాట వీరులను తలుచుకుంటాం. కొమురం భీం, గాం గంటం దొర, గాం మల్లు దొర, బిర్సా ముండా వంటి వారి చరిత్రలు మన పిల్లలకు కొత్త కాదు. ఈసారి ఈ సంచికలో కొంచెం వేరే దారిలో వెళదాం. ఈ వ్యాసంలో చెప్పబోయే మనిషి ఆదివాసీ కాదు. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు వెళ్ళిన తెల్లదొర. పేరు ఎడ్వర్డ్ జాన్ ఐర్. ఆ దేశంలో ఒక పెద్ద సరస్సుకు, ఒక ద్వీపకల్పానికి, ఒక రహదారికి ఆయన పేరు పెట్టారు. గొప్ప అన్వేషకుడని పుస్తకాల్లో రాశారు. కానీ ఆ మనిషి 1841లో ఎడారిలో దాహంతో చనిపోకుండా బతికి బయటపడ్డాడంటే కారణం అక్కడి ఆదివాసులు. వాళ్ళు చూపిన చెలమలు, వాళ్ళు నేర్పిన విద్య.

ఆ విద్య ఏమిటో, దాన్ని తాగి బతికిన మనిషి తర్వాత ఏమయ్యాడో మన యువత తెలుసుకోవాలి. అందుకే ఈ కథ.

చెలమ మనకు తెలిసిందే

ఎండాకాలంలో వాగు ఎండిపోతే మన గూడేల్లో అమ్మలు, అవ్వలు ఏం చేస్తారు? వాగు వంపు తిరిగిన చోట, ఇసుక కాస్త ముదురు రంగులో తడిగా కనిపించే చోట కూర్చుని చేతులతో ఇసుక తోడి చెలమ తీస్తారు. మొదట బురద నీళ్ళు వస్తాయి. వాటిని తోడి పారబోసి కాసేపు ఆగితే తేట నీళ్ళు ఊరతాయి. చిప్పతోనో సొరకాయ బుర్రతోనో నెమ్మదిగా ముంచి బిందె నింపుకుంటారు. తొందరపడి కెలికితే మళ్ళీ బురదే. ఇది బడిలో చెప్పిన పాఠం కాదు. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నది.

సరిగ్గా ఇదే విద్య, వేల మైళ్ళ అవతల, సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లో ఒక దొర ప్రాణం కాపాడింది.

పదిహేడేళ్ళకే ఓడ ఎక్కినవాడు

ఐర్ 1815 ఆగస్టు 5న ఇంగ్లండులో ఒక మతాచార్యుడి ఇంట పుట్టాడు. పదిహేడేళ్ళ వయసులో కొద్దిపాటి డబ్బుతో ఓడ ఎక్కి 1833లో ఆస్ట్రేలియా చేరాడు. మొదట గొర్రెల పెంపకం చేశాడు. తర్వాత పశువుల మందలను, గొర్రెల మందలను వందల మైళ్ళు తోలుకుపోయి కొత్తగా వెలిసిన అడిలైడ్ పట్టణంలో అమ్మాడు. ఆ ప్రయాణాల్లోనే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. ఆ దేశంలో దారి అంటే నీళ్ళ నుంచి నీళ్ళకు వెళ్ళే దారే. నీళ్ళు లేని చోట దారి కూడా లేదు.

1840 జూన్ 18న అడిలైడ్ నుంచి ఒక బృందాన్ని వెంటబెట్టుకుని దేశం నడిమధ్యకు వెళ్ళడానికి ఉత్తరంగా బయలుదేరాడు. ఎటు చూసినా ఉప్పు సరస్సులే అడ్డం వచ్చాయి. దూరం నుంచి చూస్తే నీళ్ళలా మెరుస్తాయి. దగ్గరికి వెళితే ఉప్పు పొర, కింద బురద. చివరికి ఒక గుట్ట ఎక్కి చుట్టూ చూసి, ముందుకు దారి లేదని నిశ్చయించుకుని, ఆ గుట్టకు ఆశలేని కొండ అని అర్థం వచ్చే పేరు పెట్టి వెనక్కి తిరిగాడు. ఆ ఉప్పు సరస్సుల్లో అతి పెద్దదానికే తర్వాతి కాలంలో ఆయన పేరు పెట్టారు. 2012లో అక్కడి ఆదివాసుల పేరును కూడా అధికారికంగా కలిపి ఇప్పుడు కాటి తండా – లేక్ ఐర్ అంటున్నారు.

ఉత్తరం కుదరలేదు కాబట్టి పడమరకు తిరిగాడు. దక్షిణ తీరం వెంబడి నడిచి పడమటి కొసన ఉన్న ఆల్బనీ చేరాలనుకున్నాడు. మధ్యలో ఉన్నది నల్లార్బర్ మైదానం. ఆ పేరుకు చెట్టు లేనిది అని అర్థం. నేలంతా సున్నపురాయి. పడ్డ వాన పడ్డట్టే రాతి పగుళ్ళలోంచి లోతుకు దిగిపోతుంది. అందుకే అంత పెద్ద మైదానంలో ఒక్క నది లేదు, ఒక్క వాగు లేదు. సముద్రం వైపు నిట్టనిలువు కొండ అంచులు. కింద అలలు కనిపిస్తాయి, దిగడానికి దారి ఉండదు. దిగినా ఆ నీళ్ళు తాగేవి కావు.

తీరం మనుషులు చూపిన చెలమలు

ఆ తీరంలో పెద్ద వంపు మొదలయ్యే చోటును దాటడానికి ఐర్ ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాడు. నీళ్ళు దొరకక మూడు మంచి గుర్రాలు చనిపోయాయి. 1841 మొదట్లో మళ్ళీ వెళ్ళినప్పుడు, అలసిపోయి ఉన్న వేళ అక్కడి ఆదివాసులు ఎదురయ్యారు. భాష రాదు. అయినా ఆ మనుషులకు, ఆ గుర్రాలకు ఏం కావాలో వాళ్ళకు చూడగానే తెలిసింది. తెల్లగా కనిపించే ఇసుక దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళి, దిబ్బల మధ్య పల్లంలో చేతులతో తవ్వి మంచినీళ్ళు చూపించారు. ముందున్న కొండ అంచుల పొడవునా చాలా రోజుల నడక దాకా నీళ్ళు లేవని సైగలతో చెప్పి హెచ్చరించారు. ఎన్ని రోజుల తర్వాత మళ్ళీ ఇసుక దిబ్బలు వస్తాయో కూడా చెప్పారు. వాళ్ళు చెప్పినది చెప్పినట్టే నిజమైంది.

సముద్రం పక్కనే ఇసుకలో తియ్యటి నీళ్ళు ఎలా ఉంటాయి? వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకి కిందికి దిగుతాయి. అక్కడ ఉప్పునీళ్ళు ఉంటాయి. ఉప్పునీళ్ళు బరువు, మంచినీళ్ళు తేలిక. అందువల్ల మంచినీళ్ళు పైన పొరలా నిలుస్తాయి. ఆ పొర దాకా తవ్వితే తాగే నీళ్ళు. ఆశపడి ఇంకా లోతుకు తవ్వితే ఉప్పునీళ్ళు. ఎక్కడ తవ్వాలన్నదే కాదు, ఎక్కడ ఆపాలన్నది కూడా తెలియాలి. తరతరాలుగా ఆ తీరంలో బతికిన మిర్నింగ్, విరంగు జాతుల మనుషులకు ఆ లెక్క తెలుసు. సముద్రం మీద ఓడలు నడిపిన దేశం వాడికి తెలియదు.

అయిదుగురి ప్రయాణం

ఇంత ప్రమాదమని తెలిశాక బృందంలో చాలామందిని ఐర్ ఓడలో వెనక్కి పంపేశాడు. తనను కూడా తిరిగి రమ్మన్నారు, వినలేదు. 1841 ఫిబ్రవరి 25న ఫౌలర్స్ బే నుంచి అయిదుగురు బయలుదేరారు. ఐర్, ఆయన నమ్మకస్తుడైన మేస్త్రీ జాన్ బాక్స్‌టర్, ముగ్గురు ఆదివాసీ కుర్రాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరి పేర్లు జోయీ, యారీ. మూడోవాడు వైలీ. అతను ఆల్బనీ ప్రాంతపు నూంగార్ జాతివాడు. అంతకుముందు ఏడాది ఐర్ ఆల్బనీ వెళ్ళినప్పుడు అతన్ని ఓడలో తనతో తీసుకొచ్చాడు. అంటే మిగతా నలుగురికీ అది తెలియని చోటికి ప్రయాణం. వైలీకి మాత్రం ఇంటి దారి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఆదివాసీ అయినంత మాత్రాన ఏ అడవిలోనైనా నీళ్ళు దొరకబుచ్చుకోగలడని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జోయీ, యారీలది తూర్పు వైపు నేల. వైలీది పడమటి నేల. మధ్యలో ఉన్న నల్లార్బర్ ముగ్గురికీ పరాయిదే. శేషాచలం అడవి తెలిసినవాడిని తీసుకెళ్ళి ఉట్నూరు గుట్టల్లో వదిలితే అతనికి ఏ వాగు ఎక్కడుందో తెలుస్తుందా? నీళ్ళ విద్య మనిషి రక్తంలో ఉండదు. ఆ నేలలో ఉంటుంది, ఆ నేల మీద తిరిగి నేర్చుకున్నవారి దగ్గర ఉంటుంది.

మొదటి కొండ అంచుల మీద నాలుగైదు రోజులు గుర్రాలకు చుక్క నీళ్ళు లేవు. తీరం మనుషులు చెప్పిన ఇసుక దిబ్బలు మార్చి రెండో వారంలో కనిపించాయి. అక్కడ ఆదివాసులు ముందే తవ్వి ఉంచిన చెలమలు ఉన్నాయి. వాటిని లోతు చేసి తాగారు. ఆ చెలమలే లేకపోతే ఈ కథ అక్కడితో ముగిసేది.

వేర్లలో నీళ్ళు, గడ్డి మీద నీళ్ళు

ఆ తర్వాతి మజిలీ ఇంకా కష్టం. ఈసారి గుర్రాలు ఏడు రోజులు నీళ్ళు లేకుండా నడిచాయి. ఒక్కొక్కటే కూలిపోతుంటే దారిలోనే వదిలేయాల్సి వచ్చింది. బరువు తగ్గించుకోవడానికి సామాన్లు పారేశారు. మోసుకొచ్చిన నీళ్ళు గుక్కల లెక్కన పంచుకున్నారు.

అప్పుడు కుర్రాళ్ళు వేర్లు తవ్వారు. ఆస్ట్రేలియాలో ఎండు నేలల్లో పెరిగే యూకలిప్టస్ పొదలున్నాయి. వాటి పక్కవేర్లు నేల పైపైనే చాలా దూరం పాకుతాయి. ఏ వేరులో నీళ్ళుంటాయో గుర్తుపట్టి, దాన్ని పొడవునా పైకి లాగి, మూరెడు లోపు ముక్కలుగా విరిచి, బెరడు తీసి, ఒక పాత్రలో నిలువుగా నిలబెడతారు. వేరులోని నీరు బొట్టు బొట్టుగా పాత్రలోకి దిగుతుంది. మంచి వేరు దొరికితే ఒక గ్లాసుడు నీళ్ళు రావచ్చు. ఆ చెట్టు తెలిసినవాడికి ఇది ప్రాణదానం. కానీ పొరపాటు వేరు తవ్వితే శ్రమకు పోయే చెమట, దొరికే నీటికంటే ఎక్కువ. ఆ రోజుల్లో కుర్రాళ్ళకు దొరికింది చాలా తక్కువ. నేల కొత్తది కదా.

మార్చి చివర్లో ఒక తెల్లవారుజామున గడ్డి మీద, పొదల మీద మంచు బాగా కురిసి ఉంది. ఐర్ ఒక స్పాంజి తీసుకుని ఆకుల మీద అద్ది పాత్రలోకి పిండాడు. కుర్రాళ్ళు సన్నటి గడ్డిని కుచ్చుగా కట్టి దానితో మంచు తుడిచి పిండారు. గంటసేపట్లో ఒక పాత్ర నిండింది. పొద్దెక్కితే ఆ మంచు ఆరిపోయేది. ఎండ వచ్చేలోపు లేచి వంగి పని చేసినందుకే దొరికింది. ఆ నీళ్ళతో తేనీరు కాచుకుని తాగి మళ్ళీ నడిచారు.

అదే రోజుల్లో మరో ఇసుక దిబ్బల వరుస చేరి, నిలువెత్తుకు కాస్త తక్కువ లోతు తవ్వితే మంచినీళ్ళు పడ్డాయి. అక్కడ దాదాపు నాలుగు వారాలు ఆగిపోయారు. తిండి అయిపోతుంటే ఒక గుర్రాన్ని చంపి తిన్నారు, జబ్బు పడ్డారు. కుర్రాళ్ళు ఒకసారి విడిపోయి వెళ్ళి, ఆకలికి తాళలేక తిరిగొచ్చారు.

ఏప్రిల్ 29 రాత్రి

ఏప్రిల్ చివర్లో మళ్ళీ బయలుదేరారు. 29వ తేదీ రాత్రి ఐర్ గుర్రాలను కాస్తూ కొంచెం దూరంలో ఉన్నాడు. తుపాకీ పేలిన చప్పుడు వినిపించింది. వైలీ పరుగెత్తుకొచ్చాడు. విడిదికి వెళ్ళి చూస్తే బాక్స్‌టర్ ప్రాణం పోతూ ఉంది. జోయీ, యారీ తుపాకులు, తిండి, నీళ్ళలో చాలా భాగం తీసుకుని చీకట్లో వెళ్ళిపోయారు.

దాన్ని సమర్థించలేం. కానీ ఆ ఇద్దరూ తమ నేలకు ఎంతో దూరంగా, ఆకలితో, దాహంతో, ఎప్పుడు ఇల్లు చేరతారో తెలియకుండా, ఒక దొర పట్టుదల వెంట నెలల తరబడి నడిచిన పిల్లలని కూడా మరవకూడదు. వాళ్ళ వైపు నుంచి ఈ కథ ఎవరూ రాయలేదు.

నేలంతా రాయి కాబట్టి గొయ్యి తవ్వడానికి కూడా వీలు కాలేదు. బాక్స్‌టర్ శరీరాన్ని దుప్పటిలో చుట్టి అక్కడే వదిలారు. ఆల్బనీ ఇంకా దాదాపు 800 కిలోమీటర్ల దూరం. ఇక మిగిలింది ఇద్దరే. ఒక దొర, ఒక ఆదివాసీ కుర్రాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ళు వెనకాలే కొంతదూరం వచ్చి వైలీని తమతో రమ్మని పిలిచారు. వైలీ వెళ్ళలేదు. తన ఊరి వైపు, ఐర్ వెంట నడిచాడు.

చివరిసారి నీళ్ళు దొరికిన ఏడో రోజున, మే 3న, మళ్ళీ ఇసుక దిబ్బలు వచ్చాయి. అక్కడ కూడా ఆదివాసులు తవ్వుకున్న చెలమలే. ఆ చెలమల యజమానులెవరో ఐర్‌కు తెలియదు, వాళ్ళకు ఐర్ తెలియదు. దారిన పోయేవాడికి నీళ్ళు ఉంచి వెళ్ళారు, అంతే.

అక్కడి నుంచి నేల మెల్లగా మారింది. వైలీ వేటాడి తిండి తెచ్చాడు. జూన్ 2న సముద్రంలో ఒక ఓడ కనిపించింది. అది తిమింగలాల వేటకు వచ్చిన ఫ్రెంచి ఓడ మిసిసిపీ. కెప్టెన్ రాసిటర్ వాళ్ళను పది రోజులకు పైగా ఓడలో ఉంచుకుని తిండి, బట్టలు ఇచ్చి పంపాడు. మిగతా దారి పొడవునా వానే. నీళ్ళు లేక చావబోయినవాళ్ళు చివరి రోజుల్లో తడిసి వణుకుతూ నడిచారు.

1841 జూలై 7న ఆల్బనీ చేరారు. ఊరి బయట ఎదురైన ఒక ఆదివాసీ వైలీని గుర్తుపట్టి కేక వేశాడు. చనిపోయాడనుకున్న బిడ్డ తిరిగొచ్చేసరికి వైలీ వాళ్ళంతా చుట్టుముట్టి కౌగిలించుకున్నారు. సుమారు 1,500 కిలోమీటర్ల ఆ నడకలో ఐర్‌కు ఇదొక విజయం. వైలీకి ఇల్లు చేరడం.

నీళ్ళు తాగిన తర్వాత

ఐర్‌కు పేరొచ్చింది. లండన్ భౌగోళిక సంఘం బంగారు పతకం ఇచ్చింది. వైలీకి ప్రభుత్వం వారం వారం కొంత తిండి గింజలు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఒకే దారి నడిచిన ఇద్దరికి దక్కిన ఫలితాలలో తేడా గమనించండి.

అయితే ఐర్ మొదట్లో కృతజ్ఞత మరిచిన మనిషి కాదు. 1841 నుంచి ముర్రే నది ఒడ్డున మూరుండీలో మేజిస్ట్రేటుగా, ఆదివాసుల రక్షకుడిగా మూడేళ్ళు పనిచేశాడు. అంతకుముందు ఆ నది వెంట తెల్లవాళ్ళ మందలకు, ఆదివాసులకు మధ్య రక్తం పారింది. ఐర్ అక్కడ ఉన్నంతకాలం నెలనెలా పిండి, దుప్పట్లు పంచుతూ శాంతి నిలబెట్టాడు. 1845లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో ఆదివాసుల జీవన విధానం గురించి వివరంగా రాశాడు. వాళ్ళు వేర్ల నుంచి నీళ్ళు ఎలా తీస్తారో అడుగు అడుగునా వర్ణించాడు. వాళ్ళ నేలను, నీటి గుంటలను ఆక్రమించుకున్నవారే వాళ్ళను దొంగలంటున్నారన్న అర్థంలో తన జాతివారినే తప్పుపట్టాడు. ఆ కాలంలో అలా రాసిన దొరలు తక్కువ.

తర్వాత పదవులు పెరిగాయి. న్యూజీలాండ్, ఆ తర్వాత కరీబియన్ దీవులు. 1864లో జమైకా గవర్నర్ అయ్యాడు. అక్కడి నల్లజాతి రైతులు బానిసత్వం నుంచి విడుదలై ఒక తరమే గడిచింది. కరువు వచ్చింది, పంటలు పోయాయి, సాగుకు నేల లేదు. సెయింట్ ఆన్ ప్రాంతపు పేదలు సాగు చేసుకోవడానికి ప్రభుత్వ భూమి ఇప్పించమని రాణికి అర్జీ పెట్టుకున్నారు. కష్టపడి కూలి చేసుకుంటే బాగుపడతారని లండన్ నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబును ఐర్ దీవి అంతటా ప్రకటింపజేశాడు.

1865 అక్టోబరు 11న మోరంట్ బే అనే ఊళ్ళో పాల్ బోగల్ నాయకత్వంలో జనం తిరగబడ్డారు. ఐర్ సైనిక చట్టం పెట్టాడు. వారాల తరబడి సాగిన అణచివేతలో 400 మందికి పైగా చనిపోయారు. కొన్ని వందల మందిని కొరడాలతో కొట్టారు. సుమారు 1,000 ఇళ్ళు తగలబెట్టారు. పేదల పక్షాన మాట్లాడే శాసనసభ సభ్యుడు జార్జి విలియం గోర్డన్‌ను సైనిక చట్టం లేని చోట పట్టుకుని, ఉన్న చోటికి తీసుకెళ్ళి విచారణ పేరుతో ఉరితీశారు.

ఇంగ్లండులో పెద్ద దుమారం లేచింది. ఐర్‌ను శిక్షించాలని జాన్ స్టూవర్ట్ మిల్, చార్లెస్ డార్విన్ వంటివారు నిలబడ్డారు. కాపాడాలని థామస్ కార్లైల్, చార్లెస్ డికెన్స్ వంటివారు నిలబడ్డారు. ఐర్‌ను పదవి నుంచి తొలగించారు గానీ శిక్ష పడలేదు. ఆ తర్వాత ఇంగ్లండు పల్లెలో ప్రశాంతంగా బతికి 1901 నవంబరు 30న చనిపోయాడు. అదే 1901లో మన ఆసిఫాబాద్ అడవుల్లో కొమురం భీం పుట్టాడు. నీరు, అడవి, నేల మావని నిలబడిన మనిషి.

పరాయి నేలలో పరాయి మనుషులు చేత్తో తవ్వి నీళ్ళిస్తే తాగి బతికినవాడు, ఇరవై నాలుగేళ్ళకే నేల అడిగిన పేదల మీదికి తుపాకులు పంపాడు. మంచివాడు చెడ్డవాడయ్యాడని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఎడారిలో ఆయన చేతిలో అధికారం లేదు, అవసరం ఉంది. జమైకాలో అధికారం ఉంది, అవసరం లేదు. అవసరంలో ఉన్నప్పుడు మన విద్యను మెచ్చుకున్నవాళ్ళు, అధికారంలో ఉన్నప్పుడు మన హక్కును ఒప్పుకుంటారని నమ్మకం పెట్టుకోలేం. మన నీళ్ళ మీద హక్కు మనమే నిలుపుకోవాలి, మన నీళ్ళ విద్య మనమే నేర్చుకోవాలి.

మనం నేర్చుకోవలసింది

మన దగ్గర ఆ విద్య ఇంకా ఉంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది చెట్టు బెరడుకు గాటు పెడితే నీళ్ళు ధారగా చిమ్మాయి. ఆ దృశ్యం దేశమంతా చూసి ఆశ్చర్యపోయింది. ఆ సంగతి వాళ్ళకు చెప్పింది కొండరెడ్లు. మనవాళ్ళకు అది వింత కాదు, ఎండాకాలపు అవసరం. బురద నీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసి మడ్డిని అడుక్కి దించడం, మోదుగాకు దొప్పతో నీళ్ళు ముంచుకోవడం కూడా మన పెద్దల విద్యలే.

మరి మీలో ఎంతమందికి మీ ఊరి గుట్టమీద ఎండాకాలంలో కూడా ఊరే చెలమ ఎక్కడుందో తెలుసు? గొట్టం తిప్పితే నీళ్ళు వస్తున్నాయి కాబట్టి అడగడం మానేశాం. జోయీ, యారీ, వైలీ పరాయి నేలలో పడ్డ కష్టం మనం సొంత నేల మీదే పడే రోజు రాకూడదు.

ఐర్ ప్రయాణం నుంచి అడవిలో దారి తప్పినవాడికి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. ఎండలో కంగారుగా తిరగకూడదు. నీళ్ళు వెతకడం కంటే ముందు చెమట పోకుండా చూసుకోవాలి. నీడలో ఆగి, చల్లటి వేళల్లో నడవాలి. నీరు పల్లానికే పోతుంది కాబట్టి ఎండిన వాగు వెంట కిందికి దిగి, వంపు బయటి అంచున, పచ్చటి చెట్లు గుంపుగా ఉన్న చోట తవ్వి చూడాలి. తవ్వాక ఓపిక పట్టాలి. తెల్లవారుజామున పొడిగుడ్డను కాళ్ళకు చుట్టుకుని గడ్డిలో నడిచినా మంచు పీల్చుకుంటుంది, పిండుకోవచ్చు. ఉప్పునీళ్ళు ఎంత దాహం వేసినా తాగకూడదు, దాహం ఇంకా పెరుగుతుంది. తెలియని తీగ, పాలు కారే చెట్టు జోలికి వెళ్ళకూడదు. దొరికిన నీళ్ళను గుడ్డలో వడకట్టి, వీలైతే తప్పకుండా మరిగించి తాగాలి. చూడటానికి తేటగా ఉన్నంత మాత్రాన మంచివని అనుకోవద్దు. సరదా కోసం నల్లమద్దికి గాటు పెట్టవద్దు. అది ఆపదలో ఉన్నవాడి కోసం.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ అవ్వతోనో తాతతోనో కలిసి ఊరి చుట్టూ ఒకరోజు నడవండి. చెలమలు, ఊటలు, గుంటలు, నీళ్ళిచ్చే చెట్లు ఒక్కొక్కటీ చూపించమని అడగండి. వాళ్ళు పిలిచే పేరుతోనే, మన భాషలోనే రాసుకోండి. ఏ నెల దాకా నీళ్ళుంటాయో అడిగి రాసుకోండి. ఆ కాగితం మీ ఊరి చరిత్ర అవుతుంది. రేపు అక్కడ గనికో గుత్తకో ఎవరైనా వస్తే, ఇక్కడ నీళ్ళున్నాయి, ఇవి మావి అని చూపించడానికి ఆధారం కూడా అవుతుంది.

ఆస్ట్రేలియా తీరంలో ఐర్‌కు నీళ్ళు చూపిన ఆ మనుషుల పేర్లు పటాల్లో లేవు. మన చెలమల పేర్లు, వాటిని చూపిన మన అవ్వల పేర్లు అలా పోకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

జోహార్ ఆదివాసీ పెద్దలకు!